పిల్లలకి దెబ్బ తగిలితే ఎక్కడికి తీసుకెళ్ళాలి: దగ్గరికా, పెద్దదానికా, పిల్లల హాస్పిటల్‌కా

పిల్లాడు పడ్డాడు, తల మీద బొప్పి కట్టింది, ఇంట్లో ముగ్గురుంటే మూడు మాటలు వస్తాయి. ఒకరు పెద్ద హాస్పిటల్‌కే పదండి అంటారు, ఒకరు దగ్గర్లో పిల్లల డాక్టరు ఉన్నారు కదా ముందు అక్కడ చూపిద్దాం అంటారు, ఇంకొకరు పిల్లలన్నాక పడతారు కాసేపు చూద్దాం అంటారు. చిక్కేంటంటే ఈ మూడు మాటలూ ఏదో ఒక దెబ్బ విషయంలో కరెక్టే. ఏ దెబ్బకి ఎవరి మాట వినాలో ఆ కంగారులో తేల్చుకోవడం చాలా కష్టం, అందుకే ఏ గొడవా లేని రోజున ఒకసారి కూర్చుని ఆలోచించి పెట్టుకోవాల్సిన విషయం ఇది.

నా ఉద్దేశంలో తికమకంతా "మంచి హాస్పిటల్ ఏది" అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది, ఎందుకంటే మంచి హాస్పిటల్ అనేది దెబ్బని బట్టి మారిపోతుంది. పన్ను ఊడొచ్చిన పిల్లాడికి ఎంత పెద్ద ట్రామా సెంటర్ (పెద్ద ప్రమాదాల దెబ్బలు చూసే హాస్పిటల్) కన్నా డెంటిస్ట్ ఉన్న చిన్న క్లినిక్ మేలు, తలకి గట్టిగా తగిలి మత్తుగా ఉన్న పిల్లకి ఎంత పేరున్న డాక్టరు క్లినిక్ అయినా అక్కడ స్కానింగ్ లేకపోతే ఆ వెళ్ళిన టైమంతా దండగే. కాబట్టి అడగాల్సినవి మూడు, ఇదే వరసలో: ఈ దెబ్బకి ఏం కావాలి, ఎంతసేపట్లో కావాలి, అది ఇప్పుడు, అంటే ఈ రాత్రి పూటైనా ఈ సెలవు రోజైనా, ఎక్కడ దొరుకుతుంది. మూడో ప్రశ్న చాలామంది మర్చిపోతారు. బోర్డు మీద ఇరవై విభాగాల పేర్లు ఉంటాయి, అర్ధరాత్రి వెళ్తే డ్యూటీ డాక్టరు ఒక్కరే ఉంటారు.

అయితే వీటన్నిటికంటే ముందు ఒక్క అర నిమిషం పిల్లని ఊరికే చూడాలి. పిల్లల ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్ళు చెయ్యి వెయ్యకముందే, కొంచెం దూరం నుంచే మూడు విషయాలు చూస్తారు, అవి తల్లిదండ్రులు కూడా చూడగలిగినవే. ఒకటి పిల్ల తీరు, అంటే మనవైపు చూస్తోందా, ఎత్తుకుంటే ఊరుకుంటోందా, ఏడుపులో బలం ఉందా లేక ఒళ్ళు వేలాడేసిందా. రెండోది ఊపిరి, డొక్కలు ఎగరేస్తోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతోందా. మూడోది ఒంటి రంగు, పాలిపోయిందా, చర్మం మీద మచ్చలు మచ్చలుగా ఉందా, పెదాలు నీలంగా మారాయా (చామనఛాయ పిల్లల్లో పెదాలు, చిగుళ్ళు, అరచేతులు చూస్తే తెలుస్తుంది). గట్టిగా ఏడుస్తుంటే మనకి గుండె ఆగినంత పని అవుతుంది కానీ, అలా ఏడవాలంటే ఊపిరి ఆడాలి, తెలివి ఉండాలి, కాబట్టి ఆ ఏడుపు చాలావరకు మంచి కబురే. అరవాల్సినంత దెబ్బ తగిలీ అరవకుండా మెత్తగా పడి ఉన్న పిల్లే అసలు భయపడాల్సిన పిల్ల.

ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇక హాస్పిటల్ ఎంచుకోవడం అన్న చర్చే అక్కర్లేదు, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యడమే. ఫిట్స్ వచ్చినా, గట్టిగా నొక్కినా ఆగకుండా రక్తం కారుతున్నా, ఎత్తు నుంచి పడి మెడ నొప్పి అంటున్నా, చేతులు కాళ్ళు తిమ్మిరి అంటున్నా, కదపలేకపోతున్నా అంతే. మెడకి దెబ్బ తగిలిందేమో అని అనుమానం ఉంటే పిల్లని ఎత్తుకుని పరిగెత్తకూడదు, మంటలో నీళ్ళలో రోడ్డు మధ్యలో ఉంటే తప్ప అక్కడే కదలకుండా ఉంచాలి. మన బండిలో అయితే తొందరగా వెళ్ళిపోతాం కదా అనిపిస్తుంది, కానీ అంబులెన్స్ అంటే వేగం ఒక్కటే కాదు, దార్లో ఊపిరి ఆగితే చూసేవాళ్ళు ఉంటారు, వ్యవస్థ బాగున్నచోట ఏ హాస్పిటల్‌కి వెళ్ళాలో వాళ్ళకి తెలుస్తుంది, ముందే ఫోన్ చేసి చెప్తారు కాబట్టి అక్కడ మనుషులు సిద్ధంగా ఉంటారు. ఫోన్ ఎత్తినవాళ్ళు చాలా చోట్ల ఈ లోపు ఏం చెయ్యాలో కూడా చెప్తారు, అందుకే ఫోన్ పెట్టెయ్యకుండా స్పీకర్‌లో ఉంచాలి. అంబులెన్స్ రావడానికి బాగా ఆలస్యం అవుతుందని వాళ్ళే చెప్తే అప్పుడు సొంత బండి గురించి వాళ్ళనే అడిగి తేల్చుకోవచ్చు. అలా వెళ్ళాల్సి వస్తే డ్రైవ్ చేసేవాళ్ళు ఒకరు, పిల్లని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఇంకొకరు ఉండాలి. భయంతో వణికిపోతున్న తల్లో తండ్రో స్టీరింగ్ పట్టుకుని వెనక సీట్లో మూలుగుతున్న పిల్లని అద్దంలో చూసుకుంటూ వెళ్ళడం చాలా ప్రమాదం.

ఇక్కడ పిల్లల శరీరం గురించి ఒక విషయం తెలిసి ఉండాలి, ఎందుకంటే "బాగానే ఉన్నాడు కదా" అన్న మాట చాలాసార్లు దీనివల్లే మోసం చేస్తుంది. పిల్లల ఒంట్లో రక్తం కిలో బరువుకి సుమారు 70 నుంచి 80 మిల్లీలీటర్లు ఉంటుంది, అంటే పది కిలోల పిల్లకి మొత్తం కలిపి లీటరు కూడా ఉండదు. పెద్దవాళ్ళకి లెక్కలోకి రానంత రక్తం పోయినా వాళ్ళకి అది చాలా ఎక్కువే. పైగా పిల్లల రక్తనాళాలు బాగా బిగుసుకుని, గుండె వేగం పెంచుకుని, బీపీ పడిపోకుండా చాలాసేపు నిలబెట్టుకుంటాయి, ఇక చేతకానప్పుడు ఒక్కసారిగా కుప్పకూలిపోతాయి. అందుకే పిల్లల్లో బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యం అయిపోయినట్టే. గుండె దడదడ కొట్టుకోవడం, చేతులు కాళ్ళు చల్లబడటం, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి రెండు సెకన్ల కన్నా ఎక్కువ పట్టడం, ఇవే ముందొచ్చే గుర్తులు. కడుపు మీద సైకిల్ హ్యాండిల్ గుచ్చుకున్న పిల్లల్లో ఇది మరీ ముఖ్యం. పైన చిన్న గుండ్రటి కమిలిన మచ్చ ఉంటుంది అంతే, లోపల కాలేయమో ప్లీహమో పేగో క్లోమమో చిట్లి ఉండొచ్చు, నొప్పి, వాంతులు గంటల తర్వాత మొదలవ్వచ్చు. అలాంటి దెబ్బ తగిలిన పిల్లని, ఆడుకుంటున్నా సరే, స్కానింగూ సర్జనూ ఉన్నచోట చూపించాలి.

ఇప్పుడు దగ్గరదా పెద్దదా అన్న ప్రశ్న. ఊపిరి, రక్తం ఈ రెండింట్లో ఏది తేడా వచ్చినా దగ్గర్లో ఉన్న ఏ ఎమర్జెన్సీ అయినా సరే, ఎందుకంటే ఆక్సిజన్ పెట్టడం, ఊపిరి దారి సరిచెయ్యడం, రక్తం ఆపడం, సెలైన్ ఎక్కించడం అక్కడా చేస్తారు, ఆ తర్వాత పెద్దచోటికి పంపిస్తారు. ప్రాణం నిలిచాక చేసే ప్రయాణం వేరు, ప్రాణం చేతిలో పెట్టుకుని చేసే ప్రయాణం వేరు. కానీ పిల్ల నిలకడగా ఉంది, దెబ్బ మాత్రం పెద్దదే అనుకోండి, అప్పుడు లెక్క మారిపోతుంది. ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టినా అన్నీ ఉన్నచోటికి నేరుగా వెళ్ళడమే నయం, లేకపోతే చిన్నచోట రాయించుకుని, డాక్టరు కోసం కూర్చుని, ఎక్స్‌రే తీయించుకుని, చివరికి మా దగ్గర అవ్వదు అక్కడికి తీసుకెళ్ళండి అనిపించుకుని మళ్ళీ మొదటినుంచి. ట్రామా వ్యవస్థ బాగా నడిచే దేశాల్లో అంబులెన్స్ వాళ్ళకి ఇందుకోసం రాసిపెట్టిన రూల్స్ ఉంటాయి, ఫలానా రకం దెబ్బ అయితే దగ్గరున్న చిన్న హాస్పిటల్ దాటుకుని నేరుగా ట్రామా సెంటర్‌కి వెళ్ళాలని. అలాంటి వ్యవస్థ లేనిచోట ఆ నిర్ణయం మన నెత్తిన పడుతుంది, అదే అసలు బాధ.

పిల్లల హాస్పిటల్‌కి వెళ్ళాలా మామూలు హాస్పిటల్‌కా అన్నది ఇంకో ముడి. పిల్లల కోసం ఏర్పాటైన ఎమర్జెన్సీలో తేడా నిజంగానే ఉంటుంది. గొంతులో వేసే గొట్టం దగ్గర్నుంచి మాస్కులు, సూదులు, బీపీ పట్టీ దాకా అన్ని సైజులూ ఉంటాయి, మందులు బరువుని బట్టి లెక్కగట్టడం వాళ్ళకి రోజూ పని, కుట్లు వేసేటప్పుడు మత్తు ఎంత ఇవ్వాలో చేతి అలవాటుగా తెలుసు, పిల్లల ఎక్స్‌రేలో కనిపించే పెరిగే ఎముకల గీతలని చూసి ఎముక విరిగిందని పొరబడరు. కానీ పేరులో పిల్లలు అని ఉన్నంత మాత్రాన దెబ్బలు చూస్తారని కాదు. చాలా పిల్లల హాస్పిటళ్ళు జ్వరాలకి, ఆయాసానికి, పుట్టిన బిడ్డలకి గొప్పవి, మెదడు ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్ మాత్రం ఉండరు, ఆర్థో డాక్టరు పిలిస్తే వస్తారు. పెద్ద దెబ్బకి పిల్లల ఐసీయూ, సర్జన్లు, స్కానింగ్, రక్తం అన్నీ ఒకే కప్పు కింద ఉన్నది వెతుక్కోవాలి, అది దొరక్కపోతే పిల్లల బోర్డు కంటే సర్జన్లూ స్కానింగూ ఉన్న మామూలు హాస్పిటలే ముందు. ఎక్కడికి వెళ్ళినా పిల్ల బరువు ఎంతో చెప్పండి, ఈ మధ్య చూసిన బరువు గుర్తుంటే మందుల లెక్క తొందరగా తేలుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది తల దెబ్బ, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. అమెరికాలో నలభై రెండు వేల మందికి పైగా పిల్లల్ని గమనించి 2009లో ఒక పెద్ద స్టడీ లాన్సెట్ పత్రికలో వచ్చింది, డాక్టర్లు దాన్ని పెకార్న్ రూల్ అంటారు. ఏ పిల్లకి సీటీ స్కాన్ అక్కర్లేదో ధైర్యంగా చెప్పడమే దాని ఉద్దేశం, ఎందుకంటే స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది, పెరిగే పిల్లల మీద దాని ప్రభావం పెద్దవాళ్ళ కంటే ఎక్కువ. రెండేళ్ళ లోపు పిల్లల్లో వాళ్ళు చూసేవి ఇవి: తెలివిలో తేడా ఉందా, పుర్రె విరిగినట్టు చేతికి తగులుతోందా, బొప్పి నుదుటి మీద కాకుండా పక్కనో వెనకో ఉందా, ఐదు సెకన్లకి మించి స్పృహ తప్పిందా, మూడు అడుగుల కంటే ఎత్తు నుంచి పడటం లాంటి గట్టి దెబ్బేనా, అమ్మానాన్నలకి పిల్ల మామూలుగా లేదని అనిపిస్తోందా. రెండేళ్ళు దాటినవాళ్ళలో తెలివిలో తేడా, పుర్రె అడుగు భాగం విరిగిన గుర్తులు (కళ్ళ చుట్టూ లేదా చెవి వెనక నల్లగా కమలడం, చెవి లేదా ముక్కులోంచి నీళ్ళలాంటిది కారడం), స్పృహ తప్పడం, వాంతులు, విపరీతమైన తలనొప్పి, ఐదు అడుగుల కంటే ఎత్తు నుంచి పడటం లాంటి గట్టి దెబ్బ. ఇవేవీ లేకపోతే ప్రమాదకరమైన గాయం ఉండే అవకాశం చిన్నవాళ్ళలో 0.02 శాతం, పెద్దపిల్లల్లో 0.05 శాతం కంటే తక్కువ అని తేలింది.

ఆ రూల్ డాక్టర్ల కోసం, మనం ఇంట్లో కూర్చుని స్కాన్ కావాలా వద్దా అని తేల్చడానికి కాదు. కానీ ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. మత్తుగా ఉండి లేపితే సరిగ్గా లేవకపోవడం, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పడం, పుర్రె విరిగినట్టు అనిపించడం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవ్వడం, ఇలాంటివి ఉంటే స్కానూ న్యూరోసర్జనూ ఉన్నచోటికే, అంబులెన్స్‌లోనే. తెలివిగానే ఉంది కానీ ఒకటి రెండు అనుమానాలు ఉన్నాయి, అంటే పడిన ఎత్తు ఎక్కువ లేదా వాంతి అయింది లేదా బొప్పి చెవి పైన మెత్తగా ఉంది అనుకుంటే, పిల్లల్ని కొన్ని గంటలు కూర్చోబెట్టి గమనించే ఎమర్జెన్సీ కావాలి, అవసరమైతే స్కాన్ కూడా అక్కడే ఉంటే మంచిది. చాలాసార్లు దెబ్బ తగిలిన దగ్గర్నుంచి నాలుగు నుంచి ఆరు గంటలు కనిపెట్టుకుని చూసి స్కాన్ లేకుండానే పంపించేస్తారు, అది నిర్లక్ష్యం కాదు, అదే మంచి వైద్యం. స్కాన్ తియ్యలేదని గొడవ పెట్టుకుని ఇంకోచోటికి వెళ్ళి తీయించుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నుదుటి మీద బొప్పి, వెంటనే ఏడ్చింది, కాసేపటికి ఆడుకుంటోంది, పడింది తన ఎత్తు నుంచే, అలాంటప్పుడు ఇంట్లో చూసుకోవచ్చు, మరీ బెంగగా ఉంటే మామూలు పిల్లల డాక్టరుకి చూపించుకోవచ్చు. నెలల పసిబిడ్డలైతే మాత్రం, మరీ ముఖ్యంగా మూడు నెలల లోపు, చిన్న దెబ్బకైనా చూపించెయ్యడమే నయం, వాళ్ళలో గుర్తులు బయటికి తెలియవు.

తల దెబ్బ తగిలాక పడుకోనివ్వకూడదు అని అంటుంటారు. మామూలు నిద్ర టైమే అయితే, అప్పటిదాకా బాగానే ఉంటే పడుకోనివ్వచ్చు, డాక్టరు చెప్పినట్టు మధ్యలో లేపి చూస్తే చాలు. అయితే ఒక్క జాగ్రత్త. కొన్నిసార్లు పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం నెమ్మదిగా చేరుతుంది, దెబ్బ తగిలాక కాసేపు బాగానే మాట్లాడి ఆ తర్వాత మత్తులోకి జారిపోతారు, కాబట్టి మొదటి గంటలో బాగుంది అన్నదాని మీదే మొత్తం భారం వేసెయ్యకూడదు.

చెయ్యి దెబ్బల్లో చాలామంది చేసేది ఎక్స్‌రే లేని క్లినిక్‌కి వెళ్ళి, నొప్పి మందు రాయించుకుని, మర్నాడు వాపు పెరిగాక మళ్ళీ పరిగెత్తడం. ఐదారేళ్ళ పిల్లలు చెయ్యి చాపి దాని మీద పడితే మోచేతికి కొంచెం పైన విరగడం చాలా మామూలు, ఆ చోట రక్తనాళమూ నరాలూ ఎముకకి ఆనుకుని వెళ్తాయి, అందుకే వేళ్ళు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు కదపలేకపోయినా అది గంటల వ్యవహారం, ఆపరేషన్ చెయ్యగల ఆర్థో ఉన్న హాస్పిటల్‌కి ఆ క్షణమే బయల్దేరాలి. చెయ్యి వంకర తిరిగినా, ఎముక బయటికి పొడుచుకొచ్చినా అంతే. ఈ కేసుల్లో దార్లో ఏమీ తినిపించకండి, మత్తు ఇచ్చి సరిచెయ్యాల్సి వస్తే మామూలు తిండికి ఆరు గంటలు, తల్లిపాలకి నాలుగు గంటలు, మంచినీళ్ళకి రెండు గంటలు ఖాళీ కడుపు చూస్తారు, పాపం ఏడుస్తోంది కదా అని ఇచ్చిన బిస్కెట్ ఆపరేషన్‌ని వెనక్కి నెట్టొచ్చు. చివరిసారి ఎప్పుడు ఏం తిందో మాత్రం గుర్తుపెట్టుకోండి, మొదట అడిగేవాటిలో అదొకటి. ఇటు మణికట్టు దగ్గర కొంచెం వాపు, నొప్పి ఉన్నా వేళ్ళు బాగా ఆడుతున్నాయి అంటే కదలకుండా అట్టలాంటిది ఆనికగా పెట్టి కట్టి రాత్రంతా ఉంచి పొద్దున్నే ఎక్స్‌రే ఉన్నచోటికి వెళ్ళినా సాధారణంగా నష్టం ఉండదు. ఇంకోటి, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని ఒక్కసారి లాగాక ఆ చెయ్యి వాడటం మానేసి వేలాడేస్తే, వాపు లేకపోతే, చాలావరకు అది మోచేతి దగ్గర చిన్న ఎముక పట్టు జారడం, తెలిసిన డాక్టరు క్లినిక్‌లోనే నిమిషంలో సరిచేసేస్తారు, దానికి పెద్ద హాస్పిటల్‌లో గంటలు కూర్చోనక్కర్లేదు. పడిన తర్వాత వచ్చిన నొప్పికి మాత్రం ఎవరి చేతా అలా తిప్పించకండి, ముందు ఎక్స్‌రే.

కాలిన గాయాల్లో ఎక్కడికి వెళ్ళాలి అన్నదానికంటే ముందొచ్చే పని ఒకటుంది, కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు నీళ్ళు పొయ్యడం. ఐస్ కాదు, పేస్ట్ కాదు, మామూలు చల్లటి నీళ్ళు. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఎంతో కొంత ఉపయోగం ఉంటుంది, కాబట్టి కంగారుగా బండెక్కేసి నీళ్ళు మర్చిపోయినా హాస్పిటల్‌లో పోయించుకోవచ్చు. తడిసిన వేడి బట్టలు విప్పెయ్యాలి, చర్మానికి అంటుకుపోయినవి మాత్రం లాగకూడదు, మిగతా ఒళ్ళు చలి పట్టకుండా కప్పి ఉంచాలి, చిన్నపిల్లలు ఇట్టే చల్లబడిపోతారు. ఆ తర్వాత గాయం ఎంతుందో పిల్ల అరచేతితో కొలవండి, వేళ్ళతో సహా పిల్ల అరచేయి దాని ఒంట్లో సుమారు ఒక శాతం. బొబ్బలు లేకుండా చిన్న ఎరుపు అయితే ఇంట్లో సరిపోతుంది. బొబ్బలెక్కితే డాక్టరు. మొహం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ళ మీద కాలినా, చెయ్యో కాలో చుట్టూరా కాలినా, కరెంటు షాకో యాసిడో అయినా, పొగ పీల్చినా, పది అరచేతులంత బొబ్బలున్నా అది కాలిన గాయాల ప్రత్యేక విభాగం చూడాల్సిన కేసు, క్లినిక్‌లో కట్టు కట్టించుకుని తృప్తి పడకూడదు.

తెగిన గాయాలకి మంచి క్లినిక్ చాలా వరకు సరిపోతుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, గట్టిగా నొక్కి పట్టండి, తల మీద తెగితే రక్తం భయంకరంగా కారుతుంది కానీ నొక్కితే మామూలుగా ఆగుతుంది. పెదవి అంచు దాటి తెగినా, కనురెప్ప తెగినా, వేలు వంచలేకపోతున్నా, లోపల గాజుముక్క ఉందేమో అనిపించినా సర్జన్ ఉన్నచోటికి వెళ్ళాలి. లోపల ఏదైనా గుచ్చుకుని నిలబడి ఉంటే లాగకుండా అలాగే తీసుకెళ్ళాలి. వేలు తెగి ఊడిపోతే ఆ ముక్కని తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆ కవర్ని ఐస్ నీళ్ళలో ఉంచాలి, ఐస్ నేరుగా తగలకూడదు, వెళ్ళాల్సింది రక్తనాళాలు అతికించే సర్జన్లున్న హాస్పిటల్‌కి, బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కుని మరీ. కుక్క కరిస్తే బయల్దేరే ముందు సబ్బుతో, ధారగా నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగడం అన్నది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే మాట, తర్వాత రేబిస్ టీకానే కాదు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా ఉన్నచోటు చూసుకోవాలి, అన్ని క్లినిక్‌లలో అది ఉండదు.

కొన్ని దెబ్బలు చూడ్డానికి చిన్నవే కానీ టైమ్ చాలా తక్కువ ఇస్తాయి, ఇవి తెలిసి ఉంటే చాలు సగం నష్టం తప్పుతుంది. శాశ్వత పన్ను ఊడొస్తే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతోనో నీళ్ళతోనో ఒక్కసారి కడిగి, వీలైతే ఆ సందులోనే తిరిగి పెట్టేసి, లేకపోతే పాలల్లో వేసుకుని అరగంట, మహా అయితే గంట లోపు డెంటిస్ట్ దగ్గర ఉండాలి, పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. కంట్లో సున్నమో క్లీనింగ్ లిక్విడో పడితే హాస్పిటల్ కాదు ముందు నీళ్ళు, కనీసం పావుగంట ధారగా, ఆ తర్వాత కంటి డాక్టరు. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నొక్కకుండా, కడక్కుండా నేరుగా కంటి ఆపరేషన్లు చేసేచోటికి. మగపిల్లాడికి వృషణం దగ్గర దెబ్బ తగిలాకో తగలకుండానో హఠాత్తుగా విపరీతమైన నొప్పి వస్తే అది మెలి తిరిగి ఉండొచ్చు, ఆరు గంటల లోపు ఆపరేషన్ అయితేనే దాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది, సిగ్గుతో చెప్పరు కాబట్టి మనమే అడగాలి. బటన్ బ్యాటరీ (వాచీల్లో, బొమ్మల్లో ఉండే బొత్తాం లాంటి గుండ్రటి బ్యాటరీ) మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చెయ్యడం మొదలుపెడుతుంది, వాంతి చేయించకండి, ఎక్స్‌రే, పిల్లల ఎండోస్కోపీ రెండూ ఉన్నచోటికి పరుగు, పిల్ల నవ్వుతూ ఉన్నా సరే. నీళ్ళలో మునిగి తీసిన పిల్ల దగ్గుతున్నా, ఊపిరికి కష్టపడుతున్నా, కాసేపు స్పృహ తప్పినా, తేరుకుంది కదా అని ఇంటికి తీసుకెళ్ళకూడదు.

వెళ్ళేచోటికి ఒక్క ఫోన్ చెయ్యడానికి పట్టేది ఒక నిమిషం, ప్రాణం మీదకి రాని ప్రతి కేసులో అది చెయ్యాలి. "మంచి డాక్టరు ఉన్నారా" అని అడిగితే ఉన్నారనే చెప్తారు. "ఆరేళ్ళ బాబు, మోచెయ్యి విరిగినట్టుంది, ఇప్పుడు ఎక్స్‌రే తీస్తారా, ఆర్థో డాక్టరు ఎంతసేపట్లో వస్తారు, పిల్లలకి మత్తు ఇచ్చేవాళ్ళు ఉన్నారా" అని అడగండి, ఇంత స్పష్టంగా అడిగితే అవతలివాళ్ళు కూడా స్పష్టంగానే చెప్తారు. ఇంకా మంచిది, ఏ దెబ్బా లేని ఒక సాయంత్రం ఇరవై నాలుగు గంటలూ స్కాన్ ఉన్నది ఏది, పిల్లల ఐసీయూ ఉన్నది ఏది, రాత్రిపూట డెంటిస్ట్ ఎక్కడ దొరుకుతారు, ఇవి కనుక్కుని ఇంట్లో అందరి ఫోన్లలో, పిల్లని చూసుకునే పెద్దవాళ్ళ ఫోన్లలో కూడా పెట్టెయ్యడం.

హాస్పిటల్‌కి చేరాక అక్కడ మన వరస ఎవరు ముందొచ్చారన్నదాన్ని బట్టి ఉండదు, ఎవరికి ఎక్కువ ప్రమాదం అన్నదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి కూర్చోమన్నారంటే చాలావరకు అది మంచి కబురు. కానీ కూర్చున్నాక పిల్ల మారితే, వాంతులు మొదలైనా, మత్తుగా అయినా, నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, మొహమాటపడకుండా లేచి వెళ్ళి నర్సుకి చెప్పాలి, మొదట చూసినప్పటి అంచనా ఆ నిమిషానికే. ఎలా పడింది అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు, మమ్మల్ని అనుమానిస్తున్నారా అని కోపం తెచ్చుకోవద్దు, పడిన తీరు తెలిస్తే ఏ భాగానికి దెబ్బ తగిలి ఉండొచ్చో వాళ్ళకి తెలుస్తుంది. ఇంకా పాకడం కూడా రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ ఉంటే ఎవరో ఏదో చేశారేమో అని కూడా ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా, ఆ బిడ్డ తరఫున మాట్లాడేవాళ్ళు ఇంకెవరుంటారు. జరిగింది జరిగినట్టు చెప్పెయ్యడమే, మంచం మీద నుంచి పడిందని ఒకరు, చేతిలోంచి జారిందని ఒకరు చెప్తే అనవసరమైన పరీక్షలు పెరుగుతాయి, అవసరమైనవి ఆలస్యం అవుతాయి.

వేరే హాస్పిటల్‌కి పంపిస్తాం అంటే ఇవి అడగండి: అక్కడి డాక్టరుతో మాట్లాడారా, వాళ్ళు తీసుకుంటామన్నారా, దార్లో తోడు ఎవరొస్తారు, స్కాన్ కాపీ మా చేతికి ఇస్తారా. అవతల మంచం ఉందో లేదో తెలియకుండా చీటీ ఒకటి చేతిలో పెట్టి పంపిస్తామంటే గట్టిగా అడగడం తల్లిదండ్రుల హక్కు. ఇంటికి పంపిస్తామంటే ఏ గుర్తు కనిపిస్తే తిరిగి రావాలి, రాత్రి ఎన్నిసార్లు లేపి చూడాలి, కట్టు బిగిసి వేళ్ళు ఉబ్బితే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి, ఆ కాగితాన్ని ఆ రాత్రి పిల్ల పక్కన పడుకునేవాళ్ళకి ఇవ్వండి.